ఫ్యాన్ చప్పుడు

ఆ నెలలో లింగయ్య కారు వేడెక్కడం అది మూడోసారి. సోలాపూర్‌లోని కుంఠా నాకా సిగ్నల్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుని ఐదు నిమిషాలు నిలబడేసరికి వేడిని చూపే సూది ఎర్ర గీత దాకా పాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వెనక రిక్షాలవాళ్ళు హారన్లు కొడుతుంటే లింగయ్య బండిని మెల్లగా పక్కకు తీసి, తాళం వేసి ఉన్న ఒక కార్ఖానా గోడ నీడలో ఆపి ఇంజన్ కట్టేశాడు.

పక్క సీట్లో ఆయన భార్య కమల ఖాళీ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగు రోజుల కింద కూతురు శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి, బాలింతకు వేడి అన్నం, ఎల్లిపాయ కారం తినిపించి, మొగుడూ పెళ్ళాలిద్దరూ నీలం నగర్‌లోని ఇంటికి తిరిగి వెళుతున్నారు. గురువారం తల్లీబిడ్డలను ఇంటికి పంపిస్తామని డాక్టరమ్మ చెప్పింది.

"గురువారం రిక్షా మాట్లాడుకుందాం తియ్యి," అంది కమల, ఆయన వైపు వంగి, గట్టిగా.

"నక్కో. నా మనుమరాలు నా బండిలనే వస్తది," అన్నాడు లింగయ్య.

ముప్పై నాలుగేళ్ళు మరమగ్గాల కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబర్‌గా పనిచేసినవాడు లింగయ్య. ఎవరి మగ్గం మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. కదులుతున్న మగ్గం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడి, ఏ నట్టు వదులైందో, ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పేవాడు. అలాంటివాడి చేతిలో ఇరవై మూడేళ్ళ పాత కారు నడిరోడ్డు మీద పొగలు కక్కడం ఆయనకు తలవంపుగా ఉంది. మొదటిసారి వేడెక్కినప్పుడు మెకానిక్ మహేశ్ రేడియేటర్ కడిగి కొత్త కూలంట్ పోశాడు. రెండోసారి థర్మోస్టాట్ మార్చాడు. పైపులన్నీ చూశాడు, ఎక్కడా కారడం లేదు. ఇంకేం మిగిలింది?

బానెట్ ఎత్తి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు కాబట్టి, వచ్చి మళ్ళీ సీట్లో కూర్చున్నాడు. కమల చాలాసేపు ఆ ఎత్తిన బానెట్ వైపే చూస్తూ ఏదో ఆలోచించింది.

"ఏమయ్యా, మునుపు బండి కట్టేసినంక గూడ ముందట గుర్రుమని ఫ్యాన్ తిరిగేది గదా? ఈ నెల సంది ఆ సప్పుడు వస్తలేదు."

లింగయ్య ఆమె పెదవుల వైపు చూశాడు. "ఏంది?"

ఆమె మళ్ళీ చెప్పింది, ఒక్కొక్క మాటా విడదీసి.

"కట్టేసినంక సప్పుడా? నేను ఎన్నడూ ఇనలే."

"ఎన్నడూ ఇనలేవా?"

"బండి కొన్నకాడికెల్లి ఇనలే."

మూడేళ్ళ కింద ఈ పాత బండి కొన్నప్పటి నుంచి, ఆయన ఊళ్ళోంచి వచ్చి వాకిట్లో కారు ఆపితే, లోపల బీడీలు చుట్టుకునే కమలకు ఆ ఫ్యాన్ చప్పుడే కబురు. చాట పక్కన పెట్టి, లేచి చాయ్ పెట్టేది. గోడల అవతలికి వినిపించే ఆ చప్పుడు, దాని ముందే కూర్చున్న మనిషికి ఒక్కసారి కూడా వినపడలేదు. చెవి కొంచెం మందమని ఆమెకు తెలుసు. మగ్గాల మధ్య బతికిన మగవాళ్ళందరికీ ఉండేదే అనుకుంది. ఇంత అని తెలియదు.

లింగయ్య స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తల వంచాడు. "మహేశ్ అడిగిండు," అన్నాడు చివరికి. "మొన్న రేడియేటర్ కడిగే దినం ఏదో అడిగిండు. ఏం అడిగిండో నాకు ఇనవడలే. ఆఁ, ఆఁ అన్న. ఇప్పుడు సమజైతుంది. బండి ఆగినప్పుడు ఫ్యాన్ తిరుగుతుందా అనే అడిగి ఉంటడు."

"మళ్ళ అడగొచ్చు గదా?"

"ఎన్నిసార్లు అడగాలె? మూడోసారి అడిగితే నవ్వుతరు. నవ్వకుంటే జాలివడ్తరు. అది ఇంకా బేకార్. అందుకే ఎవరేమన్నా ఆఁ అంట, మంచిదే అంట. నడుస్తనే ఉంది."

ఆ మాటతో కమల ముఖం మారింది. డబ్బా కింద పెట్టి, సీట్లో పూర్తిగా ఆయన వైపు తిరిగింది.

"మా అమ్మ పోయినప్పుడు, పదకొండో దినం అయినంక సోలాపూర్ వచ్చినం. ఆ రోజు వాకిట్ల కూసొని నీకు ఒక మాట చెప్పిన. యాదికున్నదా?"

"ఏం మాట?"

"ఇనలేదా?"

"లేదు కమలా. ఏం చెప్పినవు?"

ఆమె ఆయన చెవి దగ్గరకు వంగింది. పోయిన ఏడాది ఎంత మెల్లగా చెప్పిందో, ఇప్పుడు అంత గట్టిగా చెప్పవలసి వచ్చింది. "ఇగ నాకు తల్లిగారిల్లు లేదు అని చెప్పిన."

రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి. లింగయ్య ఆమె వైపే చూస్తున్నాడు.

"నేనేమన్న అప్పుడు?"

"మంచిదే అన్నవు. అని లేచి లోపలికి పోయినవు."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తడి కళ్ళతోనే అడిగాడు. "ఏడాది సంది గది మనసుల పెట్టుకోనే నాకు అన్నం పెట్టినవా?"

"పెట్టిన. ఏం జేస్త మరి? ఈ మనిషికి రాయి గుండె అనుకున్న. గుండె కాదు, చెవి అని నాకేం ఎరుక?" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది కమల. ఏడుస్తూనే చీర కొంగుతో ముందు ఆయన ముఖం తుడిచి, తర్వాత తన ముఖం తుడుచుకుంది.

లింగయ్య ఆమె చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ గురించి చెప్పు. ఆ దినం ఏం చెప్పాలనుకున్నవో అంతా చెప్పు. నేను ఇంట," అన్నాడు.

ఇంజన్ చల్లారేదాకా ఆమె చెప్పింది. తల్లి చివరి రోజుల్లో ఎవరిని తలచుకుందో, ఏ చీర తనకు ఇచ్చిందో, తాళం వేసిన ఆ ఇంటి తలుపు చూసి తనకు ఎట్లా అనిపించిందో. అర్థం కానిచోట ఆయన ఆపి, "మళ్ళ చెప్పు," అన్నాడు. నాలుగైదుసార్లు అన్నాడు. ఆమె విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పింది.

అరగంట దాటాక లింగయ్య గుడ్డతో మూత పట్టుకుని మెల్లగా తిప్పి, సీసాలోని నీళ్ళు అందులో పోశాడు. సిగ్నళ్ళు లేని సందుల్లోంచి, ఎక్కడా ఎక్కువసేపు ఆగకుండా బండిని నీలం నగర్‌లో మహేశ్ షెడ్డుకు తీసుకెళ్ళాడు.

మహేశ్ ఎదురు వచ్చి, ఏమైందని మరాఠీ కలిపి అడుగుతూ, "కాయ్ ఝాలా కాకా, మళ్ళ గరమైందా?" అన్నాడు.

"ఐంది. ముందు ఒక మాట ఇను మహేశ్." పక్కన పని చేయించుకుంటున్న మరో ఇద్దరు కూడా ఇటే చూస్తున్నారు. అయినా లింగయ్య చెప్పాడు. "నాకు చెవులు సరిగ ఇనవడయి. మొన్న నువ్వు అడిగింది ఇనకనే ఆఁ అన్న. ఫ్యాన్ తిరుగుతుందో లేదో నాకు తెల్వదు."

ఎవరూ నవ్వలేదు. మహేశ్ చేతులు తుడుచుకుని దగ్గరకు వచ్చి, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. "గట్లనా? తప్పు నాది గూడ ఉంది కాకా. నేను చూడకుండ అడిగి ఊకున్న. రోడ్డు మీద ఉరికేటప్పుడు గాలే చల్లగ చేస్తది. బండి నిలవడితే ఫ్యాన్ తిరగాలె. సిగ్నల్ కాడనే ఎందుకు గరమైతుందో ఇప్పుడు తెలిసింది."

ఇంజన్ స్టార్ట్ చేసి ముగ్గురూ ఎదురుచూశారు. సూది సగం దాటింది, ఇంకా పైకి పోయింది. ఫ్యాన్ రెక్కలు కదలలేదు. మహేశ్ రేడియేటర్ కింద ఉన్న చిన్న స్విచ్ నుంచి రెండు వైర్లు ఊడదీసి, ఒక తీగ ముక్కతో వాటిని కలిపాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"ఫ్యాన్ మంచిగనే ఉంది కాకూ," అన్నాడు కమలతో. "వేడి ఎక్కింది, తిరుగు అని దానికి చెప్పే స్విచ్ పోయింది. గంతే."

బండి పూర్తిగా చల్లారాక పాత స్విచ్ విప్పి కొత్తది బిగించాడు. తగ్గిన కూలంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపించాడు. ఈసారి సూది సగం దాటగానే ఫ్యాన్ దానంతట అదే అందుకుంది. కమల చెయ్యి ఎత్తి, "తిరుగుతుంది!" అని అరిచింది. లింగయ్య అప్పటికే రేడియేటర్ పైనున్న ఇనుప పట్టీ మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. సన్నటి వణుకు చేతిలోకి పాకింది. కాసేపటికి ఫ్యాన్ ఆగింది, అదీ ఆయనకు తెలిసింది.

బుధవారం కమల ఆయన్ను చెవుల డాక్టర్ దగ్గరకు తీసుకుపోయింది. పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదనీ, మిషన్ పెట్టుకుంటే చాలావరకు వినబడుతుందనీ, అది రావడానికి రెండు వారాలు పడుతుందనీ చెప్పారు.

గురువారం పదకొండు గంటలకు శ్రావణి బిడ్డతో వెనక సీట్లో కూర్చుంది, పక్కన కమల. కుంఠా నాకా దగ్గర ఎప్పటిలాగే బండ్లు ఆగిపోయాయి. పది నిమిషాలైనా కదలలేదు. లింగయ్య కళ్ళు సూది మీదే ఉన్నాయి. సగం దాటి కొంచెం పైకి వెళ్ళింది, నిలబడింది, మెల్లగా కిందికి దిగింది. అప్పుడు అద్దంలోంచి వెనక్కి చూశాడు. బిడ్డ నోరు ఇంత చేసుకుని ఉంది.

"ఏడుస్తుందా?" అని అడిగాడు.

"గింతగనం ఏడుస్తుంటే ఇనవడ్తలేదా బాపూ?" అంది శ్రావణి, తర్వాత నాలుక కరుచుకుంది.

"లేదు బిడ్డా. ఎట్ల ఏడుస్తుందో జర చెప్పండ్రి."

కమల ముందుకు వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మనుమరాలి ఏడుపును ఉన్నది ఉన్నట్టు చేసి వినిపించింది.