ఐదో నంబరు సెట్టు

కెప్టెన్ నా వర్క్‌షాప్ గుమ్మంలో నిలబడి "చెల్లెమ్మా" అనేసరికి నా ఒళ్ళు మండింది. అతను ఏ ఓడకూ కెప్టెన్ కాదు. సముద్రం అడుగు చూపించే డైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆ బిరుదు తనకు తనే తగిలించుకున్నాడు.

మా అన్నయ్య అతని దగ్గరే గైడుగా ఉండేవాడు. పోయినేడు ఒకరోజు లోతులోంచి ఒక్క ఉదుటున పైకి వచ్చేశాడు. అలా వస్తే ఒంట్లో గాలి బుడగలు కడుతుంది. కుడికాలు చచ్చుపడింది. ఊపిరి అందలేదని అన్నయ్య మొత్తుకుంటే, "గాలి సెట్టు లక్షణంగా ఉంది, మనిషే బెదిరిపోయాడు" అని కెప్టెన్ ఊరంతా టాంటాం వేశాడు. కాలు పోయినందుకు అన్నయ్య అంతగా కుంగలేదు. వినగా వినగా ఆ మాటను తనే నమ్మడం మొదలుపెట్టాడు. "నిజంగానే భయపడ్డానేమో బుజ్జీ" అంటాడు నాతో. అది విన్నప్పుడల్లా నాకు కెప్టెన్ పీక పిసకాలనిపిస్తుంది.

అలాంటివాడు ఎనిమిది పాత రెగ్యులేటర్లు తెచ్చి నా బల్లమీద పోశాడు. సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేవి అవే, మా భాషలో సెట్లు. వాటిని విప్పి బాగుచేయడమే నా బతుకుతెరువు.

"సర్వీస్ చేస్తే సరిపోతుందా, కొత్తవి కొనమంటావా?"

"విప్పితేగానీ చెప్పలేను."

"విప్పడానికేముంది, అద్దాల్లా మెరుస్తుంటే! పాతవన్నీ మనసులో పెట్టుకుని నాకు కొత్తవి అంటగట్టకు తల్లీ."

వేరేచోటికి పోవచ్చు కదా అంటే, ఆ రకం విప్పే పనిముట్లు చుట్టుపక్కల నా దగ్గరే ఉన్నాయి. ఈ ఏడు వచ్చిన రూలు ప్రకారం, సర్వీస్ అయిందని నేను కట్టే ట్యాగ్ లేనిదే అధికారులు అతని స్కూలు తలుపు తెరవనివ్వరు.

అతను వెళ్ళగానే ఐదో నంబరు తీశాను. ఆ రోజు అన్నయ్య వేసుకున్నది అదే. గాలి లోపలికి వెళ్ళే చోట గోరంత జల్లెడ ఉంటుంది, వెండిలా ఉండాలి. ఇది పచ్చగా చిలుమెక్కి, సగం పూడుకుపోయి ఉంది. సెట్టు కడిగేటప్పుడు ఆ రంధ్రానికి మూత బిగించాలి. కెప్టెన్ మాత్రం మూతలు వేలాడుతుండగానే అన్నిటినీ కట్టగట్టి తొట్టిలో ముంచుతాడు. ఉప్పునీళ్ళు లోపల కాపురం పెట్టేశాయి. పైన పటారం, లోన లొటారం.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. పైపైన తుడిచి ట్యాగ్ కట్టి ఇచ్చేస్తే, రేపు వాడే దీంతో లోతుకు దిగుతాడు. ఆ ఆలోచనను చాలాసేపు చప్పరించాను. కానీ చచ్చినవాడు తను అన్న మాట వెనక్కి తీసుకోలేడు. నాకు వాడు బతికుండాలి, నోరు పనిచేస్తుండాలి. ఉన్నది ఉన్నట్టే బిగించేశాను.

నా దగ్గరొక పద్ధతుంది. బాగుచేయాలా పారేయాలా అన్న అనుమానం వస్తే, వెనక ఉన్న పరీక్ష తొట్టిలో దిగి యజమానే ఊపిరి పీల్చి చూడాలి. కబురంపితే కెప్టెన్ శిష్యుల్ని వెంటేసుకుని మరీ వచ్చాడు. అన్నయ్య రానని మొండికేశాడు కానీ, వదిన రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

తొట్టి రెండు నిలువుల లోతు. ఐదో నంబరు అతనికి తగిలించి, మంచి సెట్టు ఒకటి అదనంగా పట్టుకుని అతని పక్కనే నేనూ దిగాను. బరువు సంచి మోస్తూ గోడ నుంచి గోడకు నడవమని సైగ చేశాను. పూడిన జల్లెడ మెల్లగా పీల్చినంతసేపూ మర్యాదగానే ఉంటుంది, ఆయాసం వస్తేనే దాని అసలు గుణం బయటపడుతుంది. కాసేపటికి కెప్టెన్ కళ్ళు గుడ్లగూబ కళ్ళంత అయ్యాయి. సంచి వదిలేసి గొంతు పట్టుకున్నాడు. నా చేతిలోది అందించాను. పడాల్సినంత తొందర మాత్రం పడలేదు, అది దాచను. అతను దాన్ని తోసేసి ఒక్క ఉదుటున పైకి పోయాడు.

నేనూ తేలి, అందరికీ వినబడేలా అడిగాను.

"బెదిరారా కెప్టెన్ గారూ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బెదిరానంటే ఒక్క శిష్యుడూ మళ్ళీ అతని వెంట నీళ్ళలో దిగడు.

"బెదరడమేంటి! గాలి రాలేదు! అసలు గాలే రాలేదు!"

"ఏ సెట్టులో?"

"ఈ ఐదో..." నోరు అక్కడే ఆగిపోయింది.

అన్నయ్య కర్ర ఊతంగా అంచుదాకా వచ్చి, తడి నేలమీద కష్టంగా చతికిలబడ్డాడు. చెంప పగలగొడతాడని ఆశపడ్డాను.

"ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

"గాలి రాలేదు."

"వాళ్ళవైపు తిరిగి చెప్పండి."

కెప్టెన్ శిష్యులవైపు తిరిగి చెప్పాడు. పళ్ళు టకటకమంటున్నాయి. ఎక్కి బయటపడదామని నిచ్చెనవైపు జరిగితే నేను దాన్ని పట్టుకుని అడ్డుపడ్డాను.

"ఇంకోసారి," అన్నాడు అన్నయ్య.

అన్నయ్యకు చాలనిపించేదాకా నేను దారి ఇవ్వలేదు.