పాపది ఏ రంగు?

ముసలామెను పక్కకు తిప్పి పట్టుకుని, ఆయమ్మ ఆమె వీపు మీద పుండు తుడుస్తోంది. దూదితో మెల్లగా, చీము పట్టిన చోట కాస్త ఒత్తి. వాసన గుప్పుమంది. ఆయమ్మ ముక్కు చిట్లించలేదు. పుండు కంపు కడిగితే పోతుంది. ముందు గదిలోంచి వినిపిస్తున్న మాటలకే ఆమెకు ఒళ్లు కంపరమెత్తుతోంది.

"అద్దం బీరువా నాకేనని అమ్మ ఎప్పుడో అంది," అంటోంది ముసలామె పెద్దకూతురు.

"నీతో అందేమో, మాతో అనలేదుగా," అన్నాడు పెద్దకొడుకు.

పొద్దున్నే ముగ్గురూ గుండ్రటి రంగు స్టిక్కర్లతో దిగారు. పెద్దకొడుక్కి ఎరుపు, కూతురికి పసుపు, చిన్నకొడుక్కి ఆకుపచ్చ. రేపు గొడవలు పడకుండా ఎవరి వస్తువుకు వాళ్ల రంగు అంటించుకోవాలట. కాసేపటికే ఇల్లంతా పొక్కులు లేచినట్టు తయారైంది.

ఆయమ్మకు తెలిసిన పని ఒక్కటే. మంచాన పడ్డవాళ్లకు ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, చివరికి కళ్లు మూయడం. ఏ ఇంటికెళ్లినా ఒక్క సంచీతో వెళ్తుంది, అదే సంచీతో బయటికొస్తుంది. చిన్నప్పుడు ఆమె తల్లి పోయిన రోజు చుట్టాలందరూ కుట్టుమిషన్ కోసం జుట్లు పట్టుకున్నారు. తల్లి లేని పిల్ల ఎవరికీ గుర్తు రాలేదు. మిషన్ దక్కించుకున్న పిన్ని బండి ఎక్కుతూ, "సరే, దీన్ని కూడా ఎక్కించండి. సూదిలో దారమన్నా ఎక్కిస్తుంది," అంది. పెళ్లీడు దాటిపోయేదాకా ఆ ఇంట్లో దారాలు ఎక్కిస్తూనే ఉండిపోయింది.

ఇక్కడ మాత్రం అలా జరగదనుకుంది. మాట బాగున్న రోజుల్లో ముసలామెకు ఒకటే ధ్యాస. చిన్నకూతురికి తల నెరిసింది గానీ బుద్ధి ఎదగలేదు. అందరికీ ఇప్పటికీ పాపే. "వకీలును పిలిపించండిరా, వీలునామా రాయిస్తాను. సామాన్ల సంగతి మీ ఇష్టం. పాపను ఎవరు చూసుకుంటారో నేనుండగానే తేలాలి," అని పిల్లలు వచ్చినప్పుడల్లా పోరేది. "ఛ ఛ, అవేం మాటలమ్మా? నీకేం, నూరేళ్లుంటావు," అని వాళ్లు నోరు మూయించేవాళ్లు. ఎంత ప్రేమో! పక్షవాతం వచ్చి తల్లి మాట పడిపోయాక, ఆ ప్రేమే వెళ్లి స్టిక్కర్లు కొనుక్కొచ్చింది.

చిన్నకొడుకు లోపలికొచ్చి, తల్లి పడుకున్న మంచం పట్టీకి ఆకుపచ్చది ఒకటి అంటించాడు.

"అమ్మగారు ఇంకా దీని మీదే ఉన్నారు కదయ్యా," అంది ఆయమ్మ.

"గుర్తు కోసమే ఆయమ్మా. ఇప్పుడే మోసుకుపోతానా ఏంటి?" అని నవ్వాడు.

పాప పొద్దుటి నుంచీ వాళ్ల వెనకే తిరుగుతోంది. ఆమెకు ఇదంతా ఆటలా ఉంది. అక్క చెయ్యి పట్టుకుని అడిగింది.

"అక్కా, నాది ఏ రంగు?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నీకు రంగెందుకే? నువ్వు మా అందరి పాపవి," అంది అక్క.

పెద్దకొడుకు ఫోన్ తీసి, ఇలాంటివాళ్లను ఉంచుకునే హోమ్ ఏదో ఉందట, కనుక్కుంటానంటూ బయటికి నడిచాడు. ఆయమ్మకు అక్కడే ఉమ్మేయాలనిపించింది.

భోజనాలయ్యి వాళ్లు నడుం వాల్చినప్పుడు, ముసలామె ఎడమ చెయ్యి మెల్లగా మంచం పట్టీ మీదికి పాకింది. ఆమె ఒంట్లో కదిలేది ఆ చెయ్యి ఒక్కటే. గోటితో గీకుతుంటే, ఏదో ఊసుపోక అనుకుంది ఆయమ్మ. గీకి గీకి ముసలామె స్టిక్కరును ఊడదీసింది. పక్కనే కూర్చున్న పాప మణికట్టు మీద పెట్టి అదిమింది. తర్వాత ఆయమ్మ వైపు చూసింది.

"చూశానమ్మా," అంది ఆయమ్మ. "నేను చెప్తాను."

సాయంత్రం చెంచాతో పాలు పట్టబోతే పెదవి కదల్లేదు. ఆయమ్మ ముసలామె కళ్లు మూసి, మూతి తుడిచి, ముందు గదిలో చెప్పింది. ముగ్గురూ ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. అది చూస్తే ఆమెకు ఇంకా రోత పుట్టింది.

ఏడుపులు సద్దుమణిగాక, చిన్నకొడుకును లోపలికి పిలిచి పాప చెయ్యి ఎత్తి చూపించింది.

"అయ్యా, ఇది అమ్మగారే అంటించారు. పాపను మీకే అప్పజెప్పారు. నేను కళ్లారా చూశాను."

"చిన్నన్నయ్యా, నాది ఆకుపచ్చ!" అంది పాప నవ్వుతూ.

అతను మంచం పట్టీ వంక చూశాడు.

"మంచానిది ఊడిపోయినట్టుంది," అన్నాడు. పాప చెయ్యి పట్టుకుని, గోటితో అంచు లేపి, చురుక్కుమనేలా లాగేశాడు. మంచం పట్టీ మీద ఇదివరకటి చోటే పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

తెల్లారాక మొదట తల్లిని తీసుకెళ్లారు. తర్వాత హోమ్ వాళ్ల బండి వచ్చి పాపను తీసుకెళ్లింది. ఆయమ్మ దుప్పట్లు లాగి మూట కట్టి, సంచీ తగిలించుకుంది. ఉత్త మంచం పట్టీ మీద ఆకుపచ్చ స్టిక్కరు సరిగా అంటుకోక ఒక అంచు లేచి ఉంది, దాని జిగురుకు పాప చేతి వెంట్రుకలు రెండు అతుక్కుని ఉన్నాయి.