నీళ్లు చల్లి చిమ్మాల

దుబాయ్‌లో అల్ ఖూజ్ గిడ్డంగుల సందులో బడే సాహెబ్ నీళ్లు చల్లుకుంటూ ముందు నడుస్తుంటే, మొఫిజుల్ వెనకే చిమ్ముకుంటూ వస్తున్నాడు. పదకొండేళ్లుగా ఇదే వరస. రాయచోటి మనిషికీ బంగ్లాదేశ్ మనిషికీ ఎలా కుదిరిందో గానీ, కూలీల క్యాంపులో అందరూ వాళ్లని మొగుడూ పెళ్లాలని ఎగతాళి చేస్తారు. మొఫిజుల్ తెలుగు నేర్చుకున్నది బడే సాహెబ్ దగ్గరే, అందుకే యాస కూడా అంటుకుంది.

2024 ఆగస్టు ఎండ. పన్నెండున్నరకి పని ఆపి ఇద్దరూ ఒక షట్టర్ నీడన కూలబడ్డారు. బడే సాహెబ్‌కి మోకాళ్లు సలుపుతున్నాయి. అయినా అతని దిగులు మోకాళ్ల గురించి కాదు. మొఫిజుల్ వీసా అయిపోవచ్చింది. ఇంకో రెండేళ్లకి సంతకం పెడతాడో, ఖలాస్ అని ఇంటికి పోతాడో సాయంత్రానికల్లా తేలాలి. యాభై నాలుగేళ్లవాడు ఒకసారి పోతే మళ్లీ రావడం కల్ల. అతను లేని గది తలుచుకుంటేనే బడే సాహెబ్‌కి బెంగగా ఉంది.

"సంతకం పెట్టు. ఆడ ఏముండాది? సర్కారే కూలిపాయ."

"కూలిపాయ కాబట్టే, భాయ్."

అంతలో మొఫిజుల్ ఫోన్ మోగింది. ఢాకాలో కాలేజీ చదివే కూతురు. వారం కిందట అక్కడ తిరుగుబాటు జరిగి ప్రభుత్వం పడిపోయింది. కాలిన టైర్లతో, ఇటుక ముక్కలతో నిండిన రోడ్లను ఇప్పుడు పిల్లలే శుభ్రం చేసుకుంటున్నారు. ఫోన్లో ఆ అమ్మాయి వందమందితో కలిసి ఊడుస్తూ కనబడింది. చున్నీ నిండా మసి. ఊడ్చేది పొడి బూడిద, అదీ గాలికి ఎదురుగా. మొఫిజుల్ ఉండబట్టలేక తన భాషలో ఏదో గట్టిగా చెప్పాడు. అమ్మాయి ఆగి ఏదో అడిగింది. అతను మెల్లగా రెండు ముక్కలు చెప్పి, ఫోన్ తిప్పి తన చీపురు చూపించాడు.

ఫోన్ పెట్టేశాక బడే సాహెబ్ అడిగాడు, "ఏమంటాంది?"

"నీళ్లు చల్లి చిమ్మాల అంటి. నీకెట్ల తెలుసు నాయనా, నువ్వు సూపర్‌వైజర్ గదా అనె."

"నువ్వేమంటివి?"

"నా పనే అది అంటి." కళ్లు తుడుచుకున్నాడు. "వచ్చి మాకు నేర్పియ్యి అంటాంది."

రాయచోటిలో బడే సాహెబ్ భార్య రజియా బేగం కూడా తన మొగుడు ఆఫీసులో ఫైళ్లు చూస్తాడనే అనుకుంటోంది. సంతకం పెట్టమని మళ్లీ అనడానికి అతనికి నోరు రాలేదు.

సాయంత్రం మొఫిజుల్ సంతకం పెట్టలేదు.

పై శుక్రవారం నమాజు అయ్యాక కంపెనీ బండి వచ్చింది. ఇద్దరూ గట్టిగా వాటేసుకున్నారు. పోయొస్తా అనడానికి లేదు గనక, "పోతాండా భాయ్," అని బండెక్కాడు మొఫిజుల్.

గదిలోకి వచ్చి కూచోగానే రజియా ఫోన్ చేసింది.

"ఈ పొద్దు ఆఫీసు లేదా?"

చెప్పేద్దామనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"శుక్రవారం గదా, సెలవు," అన్నాడు.

ఎదుటి మంచం కింద మొఫిజుల్‌కి కంపెనీ ఇచ్చిన బూట్లు ఉండిపోయాయి, కాలికన్నా ఒక సైజు పెద్దవి, వేళ్ల దగ్గర కుక్కిన కాగితాలు చెమటకి గట్టిపడిపోయి.