‘వరుస’ మూడో విడుదల

“అది ఆఫీసు పని కూడా కాదుగా, మూసెయ్ దేవీ” అన్నాడు మా ఆయన వెంకట్. నేను ఒక చేత్తో చట్నీకి పోపు వేస్తూ, ఇంకో చేత్తో లాప్‌టాప్‌లో నా ప్రోగ్రాం టెస్టులు పాసయ్యాయో లేదో చూస్తున్నాను. అన్నీ పాసయ్యాయి. విడుదల బటన్ నొక్కి, దోసె తిరగేశాను.

ఆ పని పేరు ‘వరుస’. తొమ్మిదేళ్ల కిందట ప్రసూతి సెలవులో, రసజ్ఞని ఒళ్లో పడుకోబెట్టుకుని రాశాను. తెలుగు మాటల్ని నిఘంటువులో ఉన్నట్టు పేర్చమంటే కంప్యూటర్ సున్నా ఉన్న మాటల్ని ఎక్కడెక్కడో పెట్టేది. అది సరిచేసే చిన్న ప్యాకేజీని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాను. ఇప్పుడు లైబ్రరీల జాబితాల్లో, పాఠ్యపుస్తకాల చివరి పేజీల్లో మాటలు సరైన చోట ఉంటే అందులో నా చెయ్యి ఉంటుంది. థాంక్స్ చెప్పే మెయిళ్లన్నీ “డియర్ సర్” అనే మొదలవుతాయి.

పైథాన్‌కి ఏటా కొత్త వెర్షన్ వస్తుంది. పాతవి వదలని వాళ్ల కోసం ప్రతి మార్పునీ ఆరు వెర్షన్లలో నడిపి చూసేదాన్ని, అతుకులు వేసేదాన్ని. “పొద్దున్నే లేచి దాని ముందే కూర్చుంటుందమ్మా, ఏం వస్తుందో ఏమో” అని అత్తయ్య మా ఆడపడుచుతో ఫోన్లో చెప్పడం విన్నాను. చివరికి ‘వరుస’ ఆధారపడే వేరే ప్రోగ్రాములే పాత పైథాన్‌ని వదిలేశాయి. నేనూ వదిలేస్తానని ఏడాది ముందే నోటీసు పెట్టాను. ఈ మూడో విడుదల కోసం ఆ అతుకులన్నీ తీసేస్తుంటే ఒక్కదాని మీదా జాలి కలగలేదు. ఒక్కోటీ ఎందుకు వేశానో మాత్రం గుర్తుంది.

విడుదల చేసిన వారానికి ఆఫీసు మీటింగ్‌లో మా మేనేజర్ మహేశ్ చిరాగ్గా ఉన్నాడు.

“క్లయింట్ అడిగిన ఫీచర్ కొత్త ‘వరుస’ల ఉంది. ఎవడో పాత పైథాన్‌కి సపోర్ట్ తీసేసిండు, మన ప్రోడక్ట్ ఇంక పాతదాని మీదనే ఉంది, అండ్ల ఎక్కుతలేదు. వానికి జర మెయిల్ పెట్టుండ్రి.”

“మెయిల్ అక్కర్లేదండీ. అది నాదే.”

మహేశ్ నవ్వాడు. నా పక్కనున్న భూలక్ష్మి ఆ ప్యాకేజీ పేజీని పెద్ద తెర మీద తెరిచి కిందికి జరుపుతూ పోయింది. తొమ్మిదేళ్ల మార్పులు, ప్రతిదాని పక్కన నా పొడి అక్షరాలు.

“ఇంకేంది మరి, ఫికర్ లేదు” అన్నాడు మహేశ్ తేరుకుని. “సోమవారం లోపల పాతదాంట్ల కూడ నడిచేటట్టు చేయుండ్రి మేడమ్. ఇంటి పని లెక్కనే గదా మీకు.”

ఇంటి పని. చేసినన్నాళ్లూ ఎవరికీ కనపడదు, ఆగిన రోజున మాత్రం అందరికీ నా పేరు గుర్తొస్తుంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తెర మీద ఉన్నది నేను కట్టినది, అందులో ఏ గోడ ఎక్కడుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

“చెయ్యను” అన్నాను. “పాత పైథాన్‌కి భద్రతా మరమ్మతులు కూడా ఆగిపోయాయి. క్లయింట్ డేటా దాని మీద ఉండటమే తప్పు. మన ప్రోడక్ట్‌నే కొత్తదానికి మారుద్దాం. ఎక్కడెక్కడ విరుగుతుందో నాకు తెలుసు. నేను ముందుండి చేయిస్తాను. ఆఫీసు వేళల్లో, నా పేరు మీద.”

మహేశ్ క్లయింట్‌కి ఫోన్ చేశాడు. రెండు వారాలు ఇచ్చారు. భూలక్ష్మీ నేనూ ఇంకో ఇద్దరూ కలిసి తొమ్మిది రోజుల్లో ముగించాం. ఆఖరి కాల్‌లో మహేశ్ నన్ను “వరుస రాసిన దేవిశ్రీ గారు” అని పరిచయం చేశాడు.

ఆ సాయంత్రం మియాపూర్‌లో ఇల్లు చేరి వెంకట్‌తో అంతా చెప్పాను. అతను మాత్రం పాత పైథాన్‌కి చెయ్యనన్న చోటే ఆగిపోయాడు.

“మేనేజర్ అడిగితే చెయ్యనన్నావా? ఎవరూ అడక్కుండానే తొమ్మిదేళ్లు చేశావుగా.”

“ఎవరూ అడక్కుండా మొదలుపెట్టాను కాబట్టే, ఎక్కడ ఆపాలో కూడా నేనే చెప్తాను” అన్నాను. “రేపట్నుంచి పొద్దుటి టిఫిన్ నువ్వు చూసుకో.”