కారు ముక్కుకు కట్టిన పదవి

నేను ఒక రేకు బోర్డుని. పుట్టుకతో గొప్పదాన్నేం కాదు. మొదట్లో ఒక టూరింగు టాకీసు గేటుకు వేలాడేదాన్ని. ‘హాలు నిండినది’ అని నా మీద రాసి ఉండేది. నన్ను చదివి జనం ఉసూరుమంటూ వెనక్కి తిరిగేవారు. ఒకసారి ఊరి మీదికొచ్చిన గాలివాన కూడా నన్ను చదువుకుని పక్క ఊరికి పోయిందని గేటు దగ్గరి మనిషి చెప్పుకునేవాడు. నేను కాదనలేదు.

టాకీసు మూతపడ్డాక పాత సామాన్లలోంచి నన్ను పెయింటరు గవరయ్య తెచ్చుకున్నాడు. ఆయన కొట్టుకి ఒకరోజు ఆడారి పోలినాయుడు వచ్చాడు. తాలూకా బెల్లం వర్తకుల సంఘానికి ముందురోజే ఉపాధ్యక్షుడయ్యాడు. మెడలో దండ వాడిపోయినా తీయలేదు.

“అధ్యక్షులు అన్నది ఎదురొచ్చే లారీవోడికి కూడా కనపడాల గవరయ్యా.”

“ముందర ‘ఉప’ ఉండాల కద బాబూ?”

“ఉండాల. ఎవడొద్దన్నాడు? సిన్నగా రాయి.”

అలా నా ఎడమ అంచున చీమంత ‘ఉప’, దాని పక్కన ఏనుగంత ‘అధ్యక్షులు’ వెలిశాయి. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు. ఎదురొచ్చే ఎద్దులు సైతం చదివి పక్కకి తప్పుకునేవంటే మీరు నమ్మనక్కర్లేదు, వినండి చాలు.

నన్ను తీసుకెళ్ళి తెల్ల అంబాసిడర్ ముందు బిగించారు. ఆ కారు పోలినాయుడి పెద్దకొడుకు కన్నా వయసులో పెద్దది. భార్య నూకరత్నాన్ని ఆయన కాపురానికి తెచ్చుకున్నది అందులోనే. ముందున్న జాలీ మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నేనే పరుచుకున్నాను. బండి కదిలితే గాలి వచ్చి నా గుండెకు తగిలేది. నన్ను సన్మానించడానికే వస్తోందనుకునేదాన్ని.

ఆ నెల నుంచే కారుకి వేడి పట్టుకుంది. వారం వారం పాడేరు సంతకి వెళ్ళాలి. కొండ మీదికి ఘాటురోడ్డు ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమనేది. అక్కడ టీ కొట్టు నడిపే సన్యాసి మా చప్పుడు వినగానే బకెట్టుతో నీళ్ళు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసేవాడు. మా ఆవిరి మీదే డికాషను కాచుకుంటూ కట్టెలు కొట్టడం మానేశాడని ఘాటంతా చెప్పుకున్నారు. డ్రైవరు అప్పలసూరి గోనెగుడ్డ తడిపి కప్పి, చల్లారేదాకా కాసుకుని, అప్పుడు రేడియేటరు మూత తిప్పేవాడు.

కార్లు బాగుచేసే ఇబ్రహీం మేస్త్రి షెడ్డుకి తోలారు. మేస్త్రి ఏ పనికైనా ముందు నన్ను విప్పి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఒకసారి నా మీద నూనె వేలిముద్ర పడితే నాయుడు పెట్టిన చీవాట్లు ఆయన మరిచిపోలేదు. షెడ్డులో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో నేను, పక్కన నాయుడు నిలబడి.

రేడియేటరు కడిగారు. మూత మార్చారు. ఇంకోసారి రబ్బరు గొట్టాలు, మరోసారి ఫ్యాన్‌బెల్టు, ఆఖరికి నీళ్ళ పంపు. మార్చినప్పుడల్లా మేస్త్రి తనే ఘాటు మీదికి తోలుకెళ్ళి చూసి వచ్చేవాడు. ముల్లు సగం దాటేది కాదు. సంతోషంగా నన్ను మళ్ళీ బిగించి, కొబ్బరికాయ కొట్టించి పంపేవాడు. ఆ వారం సన్యాసి మళ్ళీ బకెట్టుతో ఎదురొచ్చేవాడు.

చివరికి మేస్త్రి చేతులెత్తేశాడు. “ఇంక ఇంజనే విప్పాల బాబూ. విప్పినా నాకు నమ్మకం నేదు. ముసిలిదైపోనాది. వదిలేసుకోండి.”

ఆ పూట పోలినాయుడు కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నం అలాగే వదిలి లేచిపోయాడు. “బండే గదా, మనిషేటి?” అంది నూకరత్నం. అన్నదే గాని, పెరట్లోకెళ్ళి కారు వెనక సీటుని చీరకొంగుతో తుడుస్తూ చాలాసేపు ఉండిపోయింది.

పాడేరులో ఒక కాఫీతోట ఆసామి, తెస్తే చూసి తీసుకుంటానన్నాడు. బయల్దేరేముందు పోలినాయుడు స్వయంగా స్క్రూడ్రైవరు పట్టి నన్ను విప్పాడు.

“బండి అమ్ముతున్నాను గాని పదవి అమ్మట్లేదు కదా” అన్నాడు.

వెనక సీట్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నూకరత్నం. డిక్కీ నిండా నీళ్ళ డబ్బాలు. మూడో మలుపులో సన్యాసి బకెట్టుతో సిద్ధంగా ఉన్నాడు. కారు ఆయన్ని దాటి పోయింది. సన్యాసి బకెట్టుతో అలాగే నిలబడిపోయాడు.

“ఒరే సూరీ, ముల్లు సచ్చిపోనాదేటిరా?”

“నేదు బాబూ. సగంలో ఉంది. కదల్దు.”

కారు ఆపించి అందరూ దిగారు. ఆవిరి లేదు, వాసన లేదు. నూకరత్నం కారు ముఖం కేసి చూసింది, నాయుడి చంకలో ఉన్న నా కేసి చూసింది.

“ఏటండీ, దాన్నోసారి కట్టి చూడండి.”

“దీనికీ దానికీ సంబంధమేటే?”

“నేకపోతే మంచిదే గదా. కట్టండి.”

కట్టారు. రెండు మలుపులు తిరగకుండానే ముల్లు లేచింది, ఆవిరి బుస్సుమంది. చల్లార్చి, నీళ్ళు పోసి, నన్ను విప్పి మళ్ళీ తోలారు. ఎంత ఎక్కినా ముల్లు సగంలోనే కూర్చుంది. గాలి నా కోసం వచ్చేది కాదనీ, నా వెనకున్న రేడియేటరు కోసం వచ్చేదనీ నాకూ అప్పుడే తెలిసింది.

“ముక్కు మూసేసి, ఊపిరాడట్లేదని ఊరంతా వైద్యం సేయించారు” అంది నూకరత్నం.

పోలినాయుడు పిట్టగోడ మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మీద నేను, ఎదురుగా కారు. నన్ను చూసి ఎంతమంది వెనక్కి తిరిగారో గాని, ఇంత దిగులుగా నన్నెవరూ చదవలేదు.

“సిన్నది రాయించుకోవచ్చు బాబూ, నంబరు ప్లేటంత” అన్నాడు సూరి.

“అధ్యక్షులు అన్నది అందులో పడుద్దేటిరా?”

“ఉప పడుద్ది బాబూ.”

నూకరత్నం కొండ కేసి తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయుడు లేచి పంచె దులుపుకున్నాడు.

“బండి వెనక్కి తిప్పరా. అమ్మకం నేదని ఆ ఆసామికి నేను సెప్పుకుంటాను.”

ఇప్పుడు నేను పెరట్లో ఉంటున్నాను. స్నానాల నీళ్ళు కాచే పొయ్యికి గాలి కొట్టకుండా నూకరత్నం నన్ను అడ్డం పెట్టింది. కారు వారం వారం ఘాటు ఎక్కి దిగుతోంది. సన్యాసి మళ్ళీ కట్టెలు కొట్టుకుంటున్నాడు. పొగ నా ఎడమ అంచును చుట్టి వచ్చి ‘ఉప’ని పూర్తిగా మసిబార్చింది. నూకరత్నం గుడ్డ పెట్టి తుడవబోతే పోలినాయుడు వారించాడు.

“ఉండనీయే. తుడిస్తే రేకు అరిగిపోద్ది.”

నా పని మాత్రం మారలేదు. గాలిని ఆపుతున్నాను, నా వెనక నీళ్ళు మరుగుతున్నాయి. కాస్త ఆలస్యమైతే, భుజాన తువ్వాలు వేసుకుని నాయుడే వచ్చి, ఇంకా మరగలేదేటని అడుగుతున్నాడు.