చేతి బిగువు

భీమశంకరం చేతి గురించి ఇనుప గనుల బచేలీ టౌన్‌షిప్పులో ఒక మాట ఉండేది: ఆయన చేత్తో బిగించిన నట్టూ, ఇంకొకడు పానాతో బిగించిన నట్టూ ఒకటేనని. ఈ మాట ఎవరు పుట్టించారో తెలీదు కానీ, ఊరంతా తిప్పింది మాత్రం భీమశంకరమే. గని వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు మేడంత డంపర్లు విప్పి బిగించిన మనిషి కదా, కాస్త గొప్పలు పోయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎవరో ఒకరు అడ్డు చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు అరవై ఏడో ఏట ఆయనే అనుకుంటున్నాడు.

ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత ఫియట్ కారు ఉంది. చిన్న బండి. గుండ్రటి దీపాలు, స్టీరింగు పక్కనే గేరు కర్ర. బండి ఆయనది కాదు, యేసుపాదానిది. యేసుపాదం తణుకు వైపు నుంచి వచ్చిన డంపరు ఆపరేటరు, భీమశంకరానికి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒరే అంటే ఒరే అనుకునే స్నేహితుడు. అతని బండి ఈ షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్ళు టార్పాలిన్ కింద ఎందుకు పడుందంటే, యేసుపాదం భార్య సుమిత్ర దాన్ని తన గుమ్మంలోకి రానివ్వనంది. "నా మొగుడు మమ్మల్ని చంపబోయిన బండి అది" అనేది అడిగినవాళ్ళందరితో. ఆవిడ అలా అన్న ప్రతిసారీ భీమశంకరం తల దించుకునేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది ఆ వాలకం. అదృష్టమో దురదృష్టమో, చూసినవాళ్ళు లేరు.

ఈ ఏడాది మొదట్లో సుమిత్ర కన్నుమూసింది. ఆవిడ కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు యేసుపాదం వచ్చి, నిటారుగా సాగని ఎడమ మోచేతిని కుడిచేత్తో పట్టుకుని, షెడ్డు ముందు నిలబడ్డాడు.

"దీన్ని మళ్ళీ బతికించరా భీముడూ. నేను తోలన్లే. నువ్వు తోలు. పక్కన కూర్చుని ఒక్కసారి ఊరు చుట్టొస్తాను."

ఇంజను దింపిన రోజు అసలు సంగతి చెప్పేస్తాను అనుకున్నాడు భీమశంకరం. దింపాడు, చెప్పలేదు. పిస్టన్ రింగులు విశాఖ నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేలోపు చెప్తాననుకున్నాడు. అవి రెండు వారాలు ఆలస్యంగా వచ్చినా ఆయనకి ఆ వ్యవధి చాలలేదు. లోపలి నేల రేకు తుప్పు తినేసి చెయ్యి దూరేటంత కన్నం పడితే, గీదం బజారులోని తుక్కు దుకాణం నుంచి రేకు తెచ్చి అతికించాడు. కార్బురేటరు విప్పితే గిన్నె అడుగున ఎర్రమట్టి పేరుకుని ఉంది. మూత బిగించిన డబ్బాలోకి కూడా కొండ మీది ఇనుప ధూళి దూరే ఊరు ఇది. జెట్లు పెట్రోలులో నానబెట్టి, ఊది, వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు. పని మాత్రం ఒక్క రోజు ఆగలేదు, మాటే పెగల్లేదు.

ట్యూనింగంతా యేసుపాదం చెవి మీదే నడిచింది. అతను రోజూ సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. భీమశంకరం స్క్రూ పావు తిప్పు విప్పితే "ఎక్కువ తాగుతోంది" అనేవాడు. బిగిస్తే "పస్తుంచుతున్నావు" అనేవాడు. డిస్ట్రిబ్యూటరు వెంట్రుకవాసి జరిగి ఇంజను సాఫీగా పలకగానే "ఆఁ, అక్కడ వదిలెయ్" అని చెయ్యెత్తేవాడు. అలాంటి చెవి ఉన్నవాడు, టైమాఫీసులో హాజరు పట్టీలు సర్దుతూ ఇరవై మూడేళ్ళు గడిపి రిటైరయ్యాడు. అది తలుచుకుంటే భీమశంకరానికి తిన్న అన్నం ఒంటపట్టేది కాదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట జరిగింది ఇదీ. గని ఊళ్ళలో విశ్వకర్మ పూజ దసరా కన్నా పెద్ద పండగ. ఆ రోజు కొండ మీది గేట్లు ఇంటివాళ్ళ కోసం తెరుస్తారు. పెళ్ళాం పిల్లలు పైకెళ్ళి, ఇంటాయన తోలే డంపరు చక్రం పక్కన నిలబడి నోరు తెరిచి చూసి వస్తారు. వర్క్‌షాపులో పనిముట్లన్నీ కడిగి వరసగా పేర్చి బొట్టు పెడతారు. ఒకసారి బొట్టు పెట్టాక మర్నాటి దాకా వాటిని ముట్టకూడదు. ముట్టినవాడి చేతికి ఏడాదంతా దెబ్బలే అని నమ్మకం.

పూజకి ముందు సాయంత్రం భీమశంకరం యేసుపాదం ఫియట్‌కి ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం మార్చాడు. ఇంక ఒక్క నట్టుకి పానాతో చివరి బిగింపు వెయ్యాలి. ఈలోపు ఫోర్‌మన్ రామ్‌ప్రసాద్ గోనెసంచీ పట్టుకుని వచ్చి, "చలో దాదా, పానాలన్నీ ఇచ్చేయ్, బొట్లు పెట్టాలి" అన్నాడు. ఇచ్చేశాడు. ఆ నట్టుని వేళ్ళతోనే ఇంకో సగం తిప్పు లాగి, నా చెయ్యి చాల్లే అనుకున్నాడు. ఊరంతా అంటున్న మాటే కదా, తను నమ్మడంలో తప్పేముందనుకున్నాడు.

మర్నాడు పూజలో పీట మీద కూర్చున్నదీ ఆయనే. మంత్రం మధ్యలో, జనం వెనక నుంచి యేసుపాదం తాళాలు ఊపుతూ, బండి తీసుకెళ్ళనా అని సైగ చేశాడు. ఆగమని చెయ్యెత్తితే సరిపోయేది. ఎత్తితే ఎందుకని అడుగుతారు. ఒక నట్టు మిగిలిందని చెప్పాలి. భీమశంకరం చేతి పని మిగిలిపోయిందని పదిమందీ వింటారు. అందుకని తల ఊపాడు.

కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? యేసుపాదం, సుమిత్ర, పాప సుఖంగానే ఎక్కారు. దిగేటప్పుడు మూడో మలుపులో బ్రేకు పెడల్ నేలకి అంటుకుపోయింది. లోయలోకి పోకుండా యేసుపాదం బండిని కొండవైపు బండరాయికి కొట్టాడు. అతని మోచెయ్యి నుజ్జయి, డంపరు వదిలి టైమాఫీసుకి మారాల్సొచ్చింది. ఏడేళ్ళ కూతురు లాస్య నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి. ఇంతవరకూ జరిగింది గర్వంతో చేసిన తప్పు. అసలు పాపం మర్నాడు పొద్దున్న చేశాడు. విచారణకి మనుషులు రాకముందే బండి దగ్గరికి వెళ్ళి, నట్టు బిగించి, కారిన నూనె మరకలు కిరసనాయిలుతో తుడిచి, కొత్త నూనె పోసి పెడల్ గట్టిపడేలా చేసి వచ్చాడు. వచ్చినవాళ్ళు చూస్తే బ్రేకులు నిక్షేపంగా ఉన్నాయి. గేరులో పెట్టకుండా దింపాడు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పాయి అని రాసుకుని వెళ్ళిపోయారు. డంపరు తోలేవాడికి అంతకన్నా తలవంపు మరొకటి లేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరితో చెప్పాలో తెలిసినా, ఆ మనిషి ఇంటికి రోజూ టీకి వెళ్తున్నా, ఇరవై ఎనిమిదేళ్ళు నోరు రాలేదు.

ఈసారి కూడా పనులన్నీ అయి చివరికి బ్రేకులే మిగిలాయి. మర్నాడు విశ్వకర్మ పూజ అనగా, ఆ సాయంత్రం భీమశంకరం చక్రం దగ్గర పడుకుని గొట్టాల్లో గాలి తీస్తుంటే, యేసుపాదం సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతున్నాడు.

"నొక్కు. పట్టుకో. ఒగ్గీ, కాలు తియ్యి."

నాలుగైదుసార్లు తొక్కాక యేసుపాదం ఆగిపోయాడు. "ఒరే, ఈ పెడల్ నా కాలికి గుర్తుందిరా. ఆ రోజు కూడా ఇలాగే కిందకి పోయింది." పెడల్ మీంచి కాలు తీసి మళ్ళీ అన్నాడు. "నేను సెకండు గేరులోనే దిగుతున్నాననుకున్నాన్రా. చెయ్యి పెట్టి గేరు వేసినట్టు గుర్తు కూడాను. అంతా కాదన్నారు. సుమిత్ర కూడా, నీకు గుర్తు లేదులే అంది. పోనుపోను నాకే తెలీకుండా పోయింది."

బండి కింద పడుకున్న భీమశంకరానికి నోట్లోకి బ్రేకు నూనె చుక్క పడ్డా తెలీలేదు. మనిషి చెయ్యి పోగొట్టానని మాత్రమే ఇన్నాళ్ళూ ఏడ్చాడు. ఉన్న జ్ఞాపకాన్ని కూడా లాక్కున్నానని ఇప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే భీమశంకరం భార్య సుశీలమ్మ పనిముట్లన్నీ పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు వేసింది. యేసుపాదం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అతనికి పూజతో పనిలేదు కానీ కొబ్బరిచెక్క మాత్రం ఏ ఏడూ వదలడు.

"రా అన్నయ్యా, ప్రసాదం తీసుకో" అంది సుశీలమ్మ.

"ప్రసాదం తర్వాతమ్మా. ముందు మీ ఆయన్ని బండి తియ్యమను. బతికుండగా ఊరు చుట్టాలి."

భీమశంకరం తాళాలు తియ్యలేదు. బండి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"యేసూ, నువ్వు సెకండులోనే ఉన్నావురా."

"ఏంటీ?"

"ఆ రోజు. నువ్వు సెకండులోనే ఉండుంటావు. నీ తప్పు ఏటీ నేదు. ఆ గొట్టం నట్టు పానాతో బిగించకుండా ఒగ్గీసినాను నేను. పానాలు పూజకి ఇచ్చీసినాను. నువ్వు సైగ చేస్తే తెలిసీ తల ఊపినాను. మర్నాడు పొద్దున్న నేనే పోయి నట్టు బిగించి, మరకలు తుడిచి వచ్చీసినాను. అందుకే ఎవరికీ కనపడనేదు." ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఆగితే మళ్ళీ ఇరవై ఎనిమిదేళ్ళు పడుతుందని ఆయనకి తెలుసు.

సుశీలమ్మ హారతి పళ్ళెం పీట మీద పెట్టేసింది. యేసుపాదం స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాడు భీమశంకరం, కొడతాడనుకున్నాడు. ఏదైనా హాయిగా ఉండేది. అతను మోచెయ్యి నిమురుకుంటూ ఆ ఫియట్ వైపు చూశాడు.

"చెయ్యి పోయింది సరే" అన్నాడు. "ఏడాది కిందట చెప్పినా సుమిత్ర వినేదిరా. ఆస్పత్రిలో ఆఖరు రోజు కూడా లాస్యని పిలిచి, మీ నాన్నని బండి తోలనివ్వకు అని ఒట్టేయించుకుంది. అలాగే అనుకుంటూ పోయింది మహాతల్లి."

"నన్ను క్షమించమని అడగనురా. ఆ మొహం నాకు నేదు."

"అడక్కు. ఇవ్వడానికి నా దగ్గర ఇప్పుడు లేదు." లేచి నిలబడ్డాడు. "పానా తే."

"అన్నయ్యా, బొట్టు పెట్టేశాం..." అంది సుశీలమ్మ.

భీమశంకరం పీట మీంచి పసుపు అంటిన పానా తీశాడు. కట్టుకున్న కొత్త పంచెతోనే నేల మీద పడుకుని, నాలుగు చక్రాల దగ్గరా ఒక్కో నట్టుకీ పానా వేసి లాగాడు. యేసుపాదం కష్టంగా వంగి, ప్రతి నట్టు దగ్గరా ఆ పానా తనే తీసుకుని, కుడిచేత్తో ఇంకోసారి లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. కదలకపోయినా నాలుగూ చూశాడు.

"తాళాలివ్వు."

"నువ్వు తోలతావా?"

"మరి నువ్వా? కూర్చో పక్కన."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. సాగని మోచేతితో గేరు కర్ర అందాలంటే యేసుపాదం ఒళ్ళంతా ముందుకి వంచాలి. వంచాడు. వీధిలో పూజకి మైకు పెట్టిన కుర్రాళ్ళు ఆ పాత బండిని చూసి ఈలలు వేశారు. భీమశంకరానికి తల ఎత్తాలనిపించలేదు.

"ఊరు చుట్టడం కాదా?" అన్నాడు, బండి చర్చి రోడ్డుకి తిరగ్గానే.

"ఊరు తర్వాత. నాకు చెప్పింది సరిపోదు. ముందు సుమిత్ర దగ్గర చెప్పు."

సమాధుల తోట వాగు ఒడ్డున ఉంటుంది. అక్కడికి దిగే దారి నిలువు పల్లం. పల్లం మొదట్లో యేసుపాదం బండి ఆపాడు. బ్రేకు పెడల్ మూడుసార్లు తొక్కి చూసుకున్నాడు. తర్వాత ముందుకి వంగి, చెయ్యి పెట్టి, గేరు వేశాడు. బండి మూలుగుతూ, తొందర లేకుండా దిగసాగింది.

"ఏ గేరులో ఉన్నాను?" అన్నాడు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"సెకండు."

"గట్టిగా చెప్పరా. అక్కడ కూడా అంత గట్టిగా చెప్పాలి."

"సెకండులోనే ఉన్నావురా" అని భీమశంకరం గట్టిగా అన్నాడు. యేసుపాదం మళ్ళీ చెప్పమన్నాడు. పల్లం దిగేలోపు ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాడు.