వేపమొక్కల మధ్య జానెడు

అమరాపురం నుంచి హిందూపురం, పెనుకొండ మీదుగా బస్సులో వస్తుంటే చెట్లు మెల్లమెల్లగా దూరం జరుగుతాయి. మా పుట్టింటి వక్కతోటలో అవి భుజాలు రాసుకుంటూ ఉంటాయి. ధర్మవరం దాటి మా అత్తగారి ముదిగుబ్బ వైపు మళ్లేసరికి, ఎండుగడ్డి మధ్య మాటల్లేనట్టు ఎక్కడికక్కడ నిలబడి ఉంటాయి. నీడలు కూడా కలవవు.

నా కూతురు శ్రావ్య పుట్టినప్పుడు మా అత్త సిద్దమ్మ చేనిగట్టు మీద ఒక వేపమొక్క నాటింది. అంత బయల్లో ఒంటరిగా దాన్ని చూస్తే నాకు దిగులేసింది. జానెడు దూరంలో నా పేరున ఇంకొకటి నాటాను.

ఈ ఎండాకాలం పాప మొక్క ఆకు రాలుస్తోంది. నాది పచ్చగా ఉంది. పాప మొక్క ఎండితే పాపకేమవుతుందోనని నాకు అన్నం సయించలేదు. బిందెలతో నీళ్లు మోసి పోశాను.

"ఏమ్మే, ఇదేమన్నా మీ వక్కతోట అనుకుంటివా?" అంది అత్త.

"తోడుంటాదని నాటినా అత్తా."

"బలే తోడు! నువ్వు పోసే నీళ్లన్నీ నీ చెట్టే తాగతాండాది. ఈడ వానెంత? పైన చెట్లు ఎడంగా ఉన్నట్టుంటాయి గానీ, కింద వేర్లు ఆ బయలంతా పాకింటాయి. నీ చెట్టు అచ్చం నీ మాదిరే, బిడ్డకు గాలి తగలనీదు. ఒకటి తీసెయ్. ఏదో నువ్వే చెప్పు."

ఆ మధ్యాహ్నం కొట్టంలో పాపను పక్కలో వేసుకుని కన్ను మూశాను. కలలో నేను మట్టి కిందున్నాను. చల్లగా, చీకటిగా ఉంది. తెల్లటి వేర్లు దారాల్లా పాకుతూ ఒక నీటిబొట్టు దగ్గరికి వస్తున్నాయి. చిన్న వేరు అందుకోబోయిన ప్రతిసారీ నా వేలు ముందే తగులుతోంది. చెయ్యి వెనక్కి లాక్కుందామంటే రావడం లేదు.

లేచి కొడవలి తీసుకున్నాను. తవ్వితే పాప మొక్క వేరు తెగుతుందని, నా మొక్కను మొదట్లో కోసేశాను.

"మళ్లా చిగురేస్తాది, చూసుకుంటాండు," అంది అత్త.

ఒక వాన పడింది. పాప మొక్కకు ఎర్రటి చిగుళ్లు రెండు వచ్చాయి. నా మోడుకూ వచ్చాయి. రోజూ పోయి వాటిని గిల్లేస్తున్నాను. చేదు వేళ్లకు అంటుకుంటుంది. పాపకు అన్నం పెట్టే ముందు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటున్నాను.